శనగచేలో అత్తమ్మ పాంటు

శనగ మొక్క చూడటానికి సాధువు. మోకాలి ఎత్తు దాటదు, ముల్లు లేదు, తీగ లేదు. దాని పొగరంతా నూగులో ఉంటుంది. ఆకుల మీదా కాయల మీదా ఉండే ఆ సన్నటి నూగులోంచి పులుపు ఊరుతుంది. చలికాలం తెల్లవారేసరికి అది మంచుతో కలిసి చేనంతా తడితడిగా అంటుకుంటుంది. అందులో రోజూ నడిస్తే చెప్పుల తోలు బిరుసెక్కి పగిలిపోతుంది. పంచె అంచు చీకిపోతుంది. ఒట్టి కాళ్లతో నడిస్తే మొదట మంట, తర్వాత దురద, తర్వాత పుండ్లు. సంగారెడ్డి బజారులో పుట్టి పెరిగిన నాకు శనగలంటే గుగ్గిళ్లు, పుట్నాలు, అంతే. మిగతాదంతా పెళ్లయి కర్దనూరు వచ్చాక మా అత్తమ్మ కాళ్లు చూసి నేర్చుకున్నాను.

ఎనభైల చివరి మాట ఇది. మా ఊరికీ పటాన్‌చెరు రోడ్డుకీ మధ్య ఒక విత్తనాల కంపెనీ ఫారం ఉండేది. వానాకాలం జొన్న, చలికాలం శనగ వేసేవాళ్లు. విత్తనం కోసం వేసిన చేనులో ఒక్క బెరకు మొక్క కూడా మిగలకూడదు. పువ్వు రంగు తేడాగా ఉన్నా, ఆకు తేడాగా ఉన్నా పీకి పారేయాలి. ఎండ ముదిరితే రంగు తేడా కనిపించదని ఆడవాళ్లను మంచులోనే దించేవాళ్లు. వరసగా నిలబడి, ఒక్కో సాలూ చూసుకుంటూ, చేను ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం వాళ్ల పని. ఆ వరసలో అత్తమ్మ ఎప్పుడూ మొదటి మనిషి. పాతకాలం మనిషి కాబట్టి గోచి పోసి చీర కట్టేది. మోకాళ్ల కిందంతా ఒట్టి కాళ్లే.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఉన్న మెట్ట చెలకలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలకు పోయింది. మా ఆయన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. ఇంటికి జీతం వస్తోంది కదా, ఇక తల్లి కూలికి పోవడం ఆయనకు నామోషీ. ఆ మాట పైకి అనలేడు కాబట్టి పుండ్లను సాకు చేసుకున్నాడు.

"కాళ్లు సూస్కున్నవా అమ్మా? కుక్క గూడ నాకదు. ఎందుకు నీకీ పరేషాను? నేను తెస్తలేనా?"

"నువ్వు తెచ్చేది నీది. నేను తెచ్చుకునేది నాది."

"సరే. కోతల దాక సూస్త. అప్పటిదాక ఇవి మానకుంటే ఇగ బంద్. ఇంట్ల కూసో."

అత్తమ్మ కొబ్బరినూనె సీసా అందుకుంది. ఆయన అటు వెళ్లాక నాతో అంది. "అడ్డాలనాడు బిడ్డలు గని గడ్డాలనాడు బిడ్డలా పిల్లా? వాడు బంద్ అంటే బందే. ఇంట్ల కూసుంటే మాత్రం నేను ఏడాది బతుకను."

అది ఊరికే అన్న మాట కాదని నాకు తెలుసు. ఆదివారం ఫారానికి సెలవు. ఆ రోజు అత్తమ్మను చూడాలి. వాకిలి రెండుసార్లు ఊడ్చేది, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది, నా వంటకు వంక పెట్టేది, మధ్యాహ్నానికి నాతో పోట్లాటకు దిగేది. సోమవారం చేనులోంచి వచ్చాక మాత్రం వేరే మనిషి. కాళ్లకు కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుంటూ, ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎవరి సద్దిలో ఏ తొక్కు పచ్చడి ఉందో, ఏ మొక్క దగ్గర పాము కుబుసం కనిపించిందో అన్నీ చెప్పేది. నేను మిషను ఆపి వినేదాన్ని. నా పుట్టింటివాళ్లు పెట్టిన కుట్టుమిషను అది. వాడకట్టు జాకెట్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఇంట్లోనే పని, ఇంట్లోనే తిండి. నీళ్లకు తప్ప గడప దాటింది లేదు. అత్తమ్మ కబుర్లు వింటుంటే సంతోషమూ కలిగేది, కుళ్లూ పుట్టేది. కోడళ్లందరూ అత్త ఇంట్లో లేకపోతే బాగుండుననుకుంటారు. నేను మాత్రం అత్తతో పాటు నేనూ బయట ఉంటే బాగుండుననుకునేదాన్ని.

పాంటు ఆలోచన నాకు మా ఆయన బట్టలు ఉతుకుతుంటే వచ్చింది. ఫ్యాక్టరీలో యాసిడ్ తుంపర పడి ఆయన నూలు బనీన్లు జల్లెడ అయిపోయేవి. పాంట్లకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. అడిగితే ఆయనే చెప్పాడు. "నూలుది యాసిడ్‌కు నిలువది. పాలిస్టర్ గుడ్డకు ఏం గాదు. మా వాళ్లందరు గదే తొడుగుతరు." ఆ మాట పట్టుకుని ఒక సాయంత్రం అత్తమ్మతో అన్నాను, చీర కింద పాంటు తొడుక్కుంటే కాళ్లకు తడి అంటదు కదా అని.

"థూ! నాకు పాంటా? ఊరంత ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటరు. మీ అమ్మ తొడుగుతదా గిట్ల?"

మా అమ్మ శనగచేలోకి ఎప్పుడూ పోలేదని చెప్పాను. పళ్లెం పక్కకు నెట్టి లేచిపోయింది.

ఆమె మనసు మార్చింది నేను కాదు. ఆ తర్వాత కొద్ది రోజులకు మడమ పైన పుండు పగిలి, చేను మధ్యలో కాలు కదపలేక కూర్చుండిపోయిందట. ఫారం సారు మంచివాడే. "ఇయ్యాల ఇంటికి పో పెద్దమ్మా, మానినంక రా" అన్నాడట. పూట కూడా గడవకముందే కుంటుకుంటూ ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని పుండుకు కట్టిన గుడ్డ విప్పింది. నాకు భయం వేసింది. అప్పుడు అడిగింది. "ఆ గుడ్డ సంగతేదో జెర సూడు పిల్లా."

చూడటమంటే ఎలా చూడాలో కూడా ఆమే చెప్పింది. చెలక ఉన్న రోజుల్లో వాళ్ల ఇంట్లో శనగ పులుపు పట్టేవాళ్లు. తెల్లవారుజామున తడిపి పిండిన పాత పంచెను శనగ మొక్కల మీద పరిచి ఈడ్చుకుంటూ పోవాలి. మంచూ పులుపూ దానికి పడతాయి. దాన్ని జాడీలోకి పిండి, ఎండలో పెట్టి దాచుకుంటే ఏడాది పొడుగునా కడుపునొప్పికి అదే మందు. పులుపు పట్టిన పంచె మాత్రం మరుసటి ఏడాదికి పనికిరాదు. పట్టుకుంటే పిగిలిపోతుంది. ఆ జాడీ ఇంకా అటక మీద ఉంది. కిందికి దించి మూత తీస్తే ముక్కు అదిరింది.

ఇంట్లో ఉన్న గుడ్డలన్నిటి నుంచీ తలా ఒక పీలిక కత్తిరించాను. ముతక నూలు దుప్పటి, ఎవరో కుట్టడానికి ఇచ్చి మిగిల్చిన ఖాకీ, విరిగిన గొడుగు గుడ్డ, గోనెపట్టా, పాలిస్టరు. పులుపులో ముంచడం, ఎండబెట్టడం, మళ్లీ ముంచడం. ఎండకు ఆరుతున్న కొద్దీ పులుపు గుడ్డలో చిక్కబడుతుంది. చేనులో జరిగేది కూడా అదే. అత్తమ్మ రోజూ సాయంత్రం వచ్చి పీలికలను రెండు చేతులా పట్టి గుంజేది, కోడిపిల్ల మెడ విరుస్తున్నంత శ్రద్ధగా. దుప్పటి ముందు పోయింది. ఖాకీ మీద ఇద్దరికీ ఆశ ఉండేది, పోలీసులూ బస్సు డ్రైవర్లూ తొడుక్కునే గుడ్డ కదా. అది కూడా మెల్లగా పోయింది. గొడుగు గుడ్డ బాగానే ఉంది గానీ నడిస్తే చప్పుడు చేస్తుంది. గోనెపట్టా తొడుక్కుంటే పుండ్లకు వేరే పులుపు అక్కర్లేదు. పాలిస్టరు మాత్రం మొదటిరోజు ఎలా ఉందో చివరిరోజు అలాగే ఉంది.

ఆ పాలిస్టరు ఎక్కడిదో చెప్పాలి. మా పెళ్లిలో మా వాళ్లు అల్లుడికి పెట్టిన పాంటు గుడ్డ అది. బూడిదరంగు, మందం, లోపల సన్నటి గీత. ఆ రోజుల్లో ఏ శుభకార్యమైనా మగవాడికి పాంటు గుడ్డా చొక్కా గుడ్డా పెట్టాల్సిందే. ఫ్యాక్టరీ ఉద్యోగం ఉంటే మరీ. మా ఆయన పెట్టె నిండా అలాంటివే. ఒకటి పోతే తెలియదులే అనుకుని కత్తెర పెట్టాను.  బట్టల దుకాణంలో మా నాన్న గంటసేపు నిలబడి ఏరిన గుడ్డ అది.

మగవాళ్ల పాంటు కొలతతో కుడితే అత్తమ్మ కూర్చోలేకపోయింది. తలుపు గడియ పెట్టి తొడిగించి చూశాను. గొంతుకూర్చుంటే బిర్రుగా పట్టేసింది. "ఇది పాంటా, సంకెళ్లా?" అంది. విప్పి, కాళ్లు కలిసే చోట నలుచదరపు ముక్క అతికి, నడుముకు గుండీ తీసేసి నాడా పెట్టాను. పాలిస్టరు ఒంటికి ఉడుకు పుట్టిస్తుంది కాబట్టి లోపల పాత నూలు చీర ముక్క వదులుగా వేశాను. ఈసారి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు కలుపు తీస్తున్నట్టు గొంతుకూర్చుని నడిచింది, లేచింది, వంగింది. అద్దంలో చూసుకోమంటే ససేమిరా అంది. పోయినవాడు చూస్తే ఏమంటాడో అని మామను తలుచుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

పాంటు సంచిలో పెట్టుకుని పోవడం, ఫారం షెడ్డులో తొడుక్కోవడం, సాయంత్రం అక్కడి నల్లా దగ్గరే జాడించి, ఆరగానే మళ్లీ సంచిలో మడిచి తేవడం. ఊళ్లో ఎవరికీ తెలియకూడదని మా ఏర్పాటు. మొదటిరోజు ఆడవాళ్లు "కొత్త సారొచ్చిండు, నిలబడుండ్రి" అని ఒకటే ఎకసెక్కాలట. అత్తమ్మ వెనక్కి చూడకుండా సాలు పట్టుకుని పోయిందట. నాలుగు రోజులకు నవ్వులు తగ్గి, గుడ్డ ఎక్కడిది, ఎవరు కుట్టారు అని అడగడం మొదలుపెట్టారు. కాళ్లు పొక్కు కట్టి మానుముఖం పట్టాయి. నాకు నేలమీద కాలు నిలవలేదు.

అంతలో పాంటు విచ్చిపోయింది. గుడ్డ కాదు, కుట్టు. ఉన్నట్టుండి ఒక పొద్దున చేను నడుమ, అత్తమ్మ వంగినప్పుడు, తొడ దగ్గర నుంచి మడమ దాకా లోపలివైపు కుట్టు బారుగా విడిపోయింది. గుడ్డ చెక్కుచెదరలేదు. నేను కుట్టిన దారం నూలుది! జాకెట్లకు వాడే మామూలు రీలు. ఇంట్లో ఉన్న గుడ్డలన్నిటినీ పులుపులో ముంచాము గానీ, వాటిని కలిపి ఉంచే దారాన్ని ముంచాలని ఇద్దరికీ తట్టలేదు. విత్తనం చూసుకుని నీళ్లు మరిచిపోయినట్టయింది మా పని. పని మధ్యలో విప్పి మార్చుకునే వీలు లేదు. మధ్యాహ్నం దాకా ఆ చీలికలోంచి తడి లోపలికి దిగి, నూలు చీర ముక్క దాన్ని పీల్చుకుని, మానుతున్న పుండ్ల మీదే ఒరుసుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. సాయంత్రం ఆమె కుంటుతూ వస్తుంటే, మొదటి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన అరుగు మీదే ఉన్నాడు.

"జెప్పిన్నా లేదా?" అన్నాడు. "కోతలకు ఇంకెంతో లేదు. ఇగ నీ ఇష్టం."

అత్తమ్మ ఆ రాత్రి తిండి తినలేదు. నాకు నామీదే కోపం వచ్చింది. మిషను ముందు కూర్చుంటే ఏడుపు వచ్చింది. తెల్లారాక పటాన్‌చెరులో చెప్పులు కుట్టేవాళ్లు వాడే నైలాన్ దారం తెమ్మని ఆయనతోనే చెప్పాను. మిషను బెల్టు కుట్టుకోవాలన్నాను. తెచ్చాడు పాపం. దాన్ని ముందు జాడీలో ముంచి, ఎండబెట్టి, గుంజి, అప్పుడు నమ్మాను. మిషను దానితో నడవలేదు. చేత్తో, లావు సూదితో, ఒక కుట్టు మీద ఇంకో కుట్టు వేసుకుంటూ కుట్టాను. వేళ్లు కోసుకుపోయాయి. లోపలి చీర ముక్కను విడిగా చేశాను, ఏ పూటకు ఆ పూట తీసి ఉతుక్కోవడానికి.

తర్వాత ఆ పాంటు ఎక్కడా విడలేదు. కాళ్లు మానాయి. ఎప్పుడు మానాయో కూడా తెలియనంత నెమ్మదిగా మానాయి. ఒకరోజు అత్తమ్మ కొబ్బరినూనె సీసా అడగలేదు, అప్పుడు గమనించాను.

కోతలు దగ్గర పడుతుండగా ఇంకో పాంటు కుట్టమంది. "నా పక్క సాలుల నడిచే ఆమెకు. పాపం, కొత్తగొస్తున్నది." కొలత అడిగితే ముళ్లు వేసిన తాడు ఒకటి ఇచ్చింది. ఒక ముడి నడుముకు, ఒక ముడి పొడుగుకు. గుడ్డ కోసం మాత్రం తనే పటాన్‌చెరు పోయింది. పోయేటప్పుడు చిన్న సీసాలో శనగ పులుపు పట్టుకుపోయింది! దుకాణంలో గుడ్డ చుట్ట విప్పించి, అంచు మీద రెండు చుక్కలు వేసి, ఇది ఎండేదాకా కూర్చుంటానని చాప మీద చతికిలబడిందట. దుకాణందారు లబోదిబోమన్నాడట.

"అమ్మా, పాంటు ఎవలకు? పెండ్లికా?"

"పెండ్లికైతే ఎట్లున్నా నడుస్తది. పని జేసేటోళ్లకు."

ఆమె తెచ్చిన గుడ్డ నేను తీసిన బూడిదరంగు కన్నా మందం, నేత కూడా గట్టిది. మట్టి కనపడకుండా ముదురు ఇటుకరంగు ఏరింది. నేను ఏ దుకాణానికి పోయినా ముందు రంగు చూస్తాను, తర్వాత గుడ్డ చూస్తాను. ఆమె వెనకవైపు చూసి, ఒక పోగు లాగి, అప్పుడు ముందువైపు తిప్పిందట. ఆ ముక్కూమొహం తెలియని కొత్తామె కాళ్లు ఒక్కపూట కూడా మండకూడదని నేను అన్ని కుట్లూ రెండేసిసార్లు వేశాను.

కోతలు మొదలయ్యే ముందురోజు ఆదివారం. మధ్యాహ్నం మా ఆయన పెట్టె తెరిచి బట్టలన్నీ నేల మీద పోశాడు. తోటి పనివాడి పెళ్లికి కొత్త పాంటు కుట్టించుకోవాలట. అన్ని గుడ్డలు ఉన్నా ఆయనకు ఆ బూడిదరంగుదే కావాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

"నా అత్తగారోళ్లు పెట్టిన గుడ్డేది?"

 అత్తమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. "నా కాడున్నది" అని, సంచిలోంచి పాంటు తీసి ఆయన ముందు దులిపింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ, నడుముకు నాడా, మధ్యలో చదరపు ముక్క, చెప్పులు కుట్టే దారంతో లావుపాటి కుట్లు. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"ఇది తొడుక్కొని నువ్వు కూలికి పోతున్నవా?" అన్నాడు. "మా ఫ్యాక్టరీల ఎవలన్న సూస్తే నా ఇజ్జతేంగావాలె? పాంటేసుకొని కూలికి పోతదా ఒకని తల్లి?"

"నువ్వు పాంటేసుకుంటే నౌకరి, నేనేసుకుంటే నవ్వులాటనా? నేను జేసేది నౌకరి గాదారా?"

ఆయన ఏదో అనబోయాడు. అత్తమ్మ వినలేదు. వాకిట్లో ఎండలోకి పోయి నిలబడి, గోచి పైకి లాగి, రెండు కాళ్లూ చూపించింది. ముందు, వెనక, మళ్లీ ముందు. నల్లటి మచ్చలు అక్కడక్కడా. పుండన్నది ఒక్కటి లేదు.

"కోతల దాక మానకుంటే బంద్ అన్నవు. రేపే కోతలు. సూస్కో."

మా ఆయన చూశాడు. నిజంగానే వంగి చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, మాట అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాదు, అంతే. ఈసారి ఆయన మాటే ఆయన్ని పట్టేసింది. నేల మీది బట్టలు ఒక్కొక్కటే మడిచి పెట్టెలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. "పోతే పో" అన్నాడు, మాకు వినపడీ వినపడనట్టు.  అత్తమ్మ గెలిచింది, ఇక ఆమెను ఎవరూ ఆపరు.

ఆమె మాత్రం అక్కడితో ఊరుకోలేదు. లోపలికి పోయి, నేను కుట్టిపెట్టిన ఇటుకరంగు పాంటు తెచ్చి నా ఒళ్లో వేసింది.

"కోతలకు మనుషులు సాల్తలేరని సారు జెప్పిండు. పొద్దుగాల ఇద్దరం పోతున్నం."

"ఇద్దరెవలు?" అన్నాడు మా ఆయన. నేనూ అదే అడగబోతున్నాను.

"నేను, నా కోడలు. దండెం మీద దాని లంగా పట్టి కొలత తీసిన. సరిపోతది."

 మా ఆయన తల్లి వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. ఆ ఇంట్లో నేనేం చేయాలో ఆయన ఎప్పుడూ చెప్పేవాడు, లేదా అత్తమ్మ చెప్పేది. వండు, కుట్టు, తలుపు వెయ్యి.

"పోతవా?" అని అడిగాడు.

పెళ్లయ్యాక ఆయన నా ఇష్టం అడిగింది అదే మొదటిసారి.

"పోత" అన్నాను.